లేబుల్ చింపిన పొట్లం

సూళ్లూరుపేట,
16 జూన్ 2024

సుజనా,

ముందుగా బాలచంద్రన్నకు రూతు వందనాలు. ఉత్తరం ఆయన పక్కన కూర్చుని బయటికే చదువుతావు కాబట్టి ఇద్దరికీ కలిపే రాస్తున్నాను.

మొన్న ఫోనులో అన్న ఏదో చెప్పబోతే నాకు అర్థం కాక "ఏందన్నా, ఇంగోసారి చెప్పన్నా" అని మూడుసార్లు అడిగాను. నాలుగోసారి ఆయన ఫోను నీ చేతికిచ్చేశారు. సగం నాలుక తీసేసిన మనిషిని పట్టుకుని నేను చేసిన పని అది. రోజంతా సిగ్గుతో చచ్చాను. నువ్వన్నదే నయం, ఉత్తరమైతే ముగ్గురికీ ఒకే గొంతు. తిరుపతిలో చదివేటప్పుడు సెలవులకు నువ్వు చిత్తూరుకూ నేను పూతలపట్టుకూ పోయి, ఇరవై కిలోమీటర్ల దూరానికి ఎంతెంత ఉత్తరాలు రాసుకునేవాళ్లం!

ఈ పెట్టె సంగతి చెబుతాను. స్కూలు మూతబడ్డాక నేను చేరిన కొట్టు ఇక్కడి ఫ్యాక్టరీల్లో పనిచేసే జపాను, కొరియా, చైనా వాళ్ల కోసం పెట్టింది. సామాను సర్దేది, చీటీలు అంటించేది నేనే. ఏడాదయినా సగం వస్తువుల పేర్లు నోరు తిరగవు. ఫోను కెమెరా డబ్బా మీద పెడితే తెలుగులోకి మార్చి చూపిస్తుంది. నిన్న ఒక సీసా మీద "తాతగారి సంతోషం" అని వచ్చింది. మూత తీస్తే వెల్లుల్లి నూనె.

క్యాన్సరుకు కరెంటు పెట్టాక అన్నకు ఏ రుచీ తెలియడం లేదనీ, నలభై అయిదు కిలోల దగ్గర ఆగిపోయారనీ, యాభై దాటితేనే మళ్లీ మందు ఎక్కిస్తామని రాయవేలూరు డాక్టరు అన్నారనీ రాశావు. ఉలవచారు, గోంగూర, ఊరగాయ అన్నీ పెట్టి చూశానన్నావు. నాకొకటి తోచింది. అవన్నీ ఆయనకు తెలిసిన రుచులు. తెలిసినదాన్ని నోట్లో పెట్టుకున్నప్పుడు అది అక్కడ లేకపోతే ఎంత బాధ! ఎన్నడూ తెలియనిదైతే పోల్చుకునే పని ఉండదు కదా. అందుకే ఈ కొట్లోంచి ఒక్కొక్కటే పంపుతాను. పలకల్లాంటి సముద్రపు పాచి, సోయా ముద్ద, ఉప్పులో ఊరిన ఎర్ర పండ్లు, ఎండు పుట్టగొడుగులు, చైనా మిరియాలు పెట్టాను.

ఇక్కడ పది డబ్బాల్లో ఆరింట్లో చేపో రొయ్యో ఉంటుంది. ఐశ్వర్య నెలలు నిండకుండా పుట్టి అద్దాల పెట్టెలో ఉన్నప్పుడు, బిడ్డ బతికితే జన్మలో నీసు ముట్టనని అన్న కొండ వైపు తిరిగి మొక్కుకున్నారే, అప్పుడు ఆసుపత్రి మెట్ల మీద నేనూ ఉన్నాను. అందుకని ప్రతి డబ్బా చదివే పెట్టాను. భయం లేకుండా ఇవ్వు.

రూతు

*

చిత్తూరు,
30 జూన్ 2024

రూతూ,

నీ పెట్టె ఆర్టీసీ పార్సిల్ కౌంటరు నుంచి తెచ్చుకున్న రోజు మా ఇంట్లో పండగలా ఉండింది. ఆయన లేచి కూర్చున్నారు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు రుచి చూసే ఉద్యోగం చేశారు కదా, అప్పటి షీట్ల కట్ట ఒకటి బీరువాలోంచి తీయించుకున్నారు. నీ సరుకుకు పరీక్ష పెట్టారు. ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను:

సముద్రపు పాచి. రంగు 8. రుచి 0. రిమార్కు: తడిసిన క్యాలెండరు.

సోయా ముద్ద. రంగు 7. రుచి 0. రిమార్కు: చింతపండు అనుకొని ఆశపడితిని.

ఎర్ర పండు. రంగు 9. రుచి 0. రిమార్కు: నాలుకకు తెలియలేదు. దవడకు తెలిసింది.

పుట్టగొడుగు. రుచి 0. రిమార్కు: దీన్ని చెప్పుకు అట్టగా వేయవచ్చు.

చైనా మిరియాలు మాత్రం గోల తెచ్చాయి. వద్దంటున్నా వినకుండా ఒకటి కొరికారు. లోపలి పుండ్లకు తగిలి కళ్ల నీళ్లు కారిపోయాయి. నేను అరిచి ఆ పొట్లం బయట పారేశాను. ఆయన మాత్రం తుడుచుకుంటూ, "మంట కూడా ఒక రుచే. 1 వెయ్యి" అని రాసి చూపించారు. నేను వేయలేదు. తర్వాత వేసి ఉండాల్సిందేమో అనిపించింది.

నాకేదీ తిన్నగా తెలియడం లేదు రూతూ. కాలేజీలో పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను, ఇంటికొచ్చి గిన్నె ముందు నిలబడితే నాకేమీ రాదు. నేను ఆయన్ను బతికించాలని తినిపిస్తున్నానో, నా భయం తగ్గించుకోవడానికి తినిపిస్తున్నానో కూడా చెప్పలేను. రోజుకు రెండు గ్లాసుల రాగి జావ. అదీ మందు మింగినట్టు కళ్లు మూసుకుని. ముక్కులో గొట్టం రెండుసార్లు పెట్టారు, రెండుసార్లూ లాగేసుకున్నారు.

నిన్ను ఒకటి అడగమన్నారు: ఆ దేశాల వాళ్లు మామిడిపండు ఎట్లా తింటారు?

సుజన

*

సూళ్లూరుపేట,
14 జూలై 2024

సుజనా, అన్నా,

మామిడిపండు సంగతి మొదట. వాళ్లు చెక్కు తీస్తారు, ముక్కలు కోస్తారు, పళ్లెంలో పేర్చుకుంటారు, దండం పెట్టుకుని పుల్లతో గుచ్చుకుని తింటారు. మన మాదిరి మోచేతి దాకా కార్చుకోరు. మా కొట్టుకు వారం వారం వచ్చే జపాను పెద్దాయనకు నేను ఒకసారి రసం పిండుకుని తినడం చూపించాను. చొక్కా అంతా పాడుచేసుకుని, "మీరు ప్రమాదకరమైన మనుషులు" అన్నాడు.

ఆయనతోనే అన్న విషయం మాట్లాడాను. వాళ్ల ఊళ్లో జబ్బు మనిషికి అన్నం గంజిలో ఒక చారు పోసి ఇస్తారట. ఈసారి పెట్టెలో ఒకటే పొట్లం ఉంది, గోధుమరంగు పొడి. పెద్ద డబ్బాలోంచి తీసి మందుల కవరులో పోశాను, అందుకే పేరు లేదు. అర చెంచా వేడి జావలో కలుపు. ఎక్కువ వేయకు, ఉప్పగా ఉంటుంది.

చెప్పు అట్ట సంగతి కొట్లో అందరికీ చెప్పాను. పుట్టగొడుగుల అర దగ్గరికి పోయినప్పుడల్లా నవ్వొస్తోంది.

రూతు

*

చిత్తూరు,
28 జూలై 2024

రూతూ, రూతూ,

నాలుగు!

మొదటి చెంచా మింగి ఆయన కళ్లు తెరిచారు. నేను పొలమారిందేమోనని భయపడి వీపు నిమరబోయాను. చెయ్యి పక్కకు తోసేశారు. రెండో చెంచా. మూడోది. గ్లాసు ఖాళీ అయ్యాక, ముద్దముద్దగానే అయినా నాకు స్పష్టంగా తెలిసేట్టు, "ఇంగొంచెం పొయ్యి" అన్నారు. అడిగి తినడం ఎనిమిది నెలల తర్వాత అదే మొదలు. నేను వంటింట్లోకి పోయి స్టవ్ పట్టుకుని నిలబడిపోయాను.

షీటులో రుచి అన్న గడి దగ్గర చాలాసేపు పెన్ను ఆనించి ఉంచారు. ఆ తర్వాత 4 వేశారు. ఫ్యాక్టరీలో ఎంత మంచి తోతాపురికైనా ఏడు దాటి వేయని మనిషి! రిమార్కు ఏమని రాశారో చూడు: "యాడిదో తెలియదు. ఉండాది."

ఇప్పుడు రోజుకు అయిదు గ్లాసులు. ఈ ఉదయం తూకం నలభై ఆరున్నర. పొడి ఇంకో వారానికే వస్తుంది, త్వరగా పంపు. నీ పెద్దాయనకు చెప్పమన్నారు: రసం పిండుకోవడం చేతకాని మనిషి ఇంత చారు ఎట్లా కనిపెట్టినాడో అని.

ఏమిటే అది? మూత తీస్తే పాత కట్టెల పొయ్యి పక్కన నిలబడినట్టుంది. వద్దులే, చెప్పకు. పేరు తెలిస్తే దిష్టి తగులుతుందేమోనని భయంగా ఉంది.

సుజన

*

సూళ్లూరుపేట,
12 సెప్టెంబరు 2024

సుజనా,

ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువు. అన్నకు వినిపించకు.

మొన్నటి నీ ఉత్తరంలో నలభై ఎనిమిదిన్నర అని చూసి సంతోషంతో ఏడ్చాను. కింద నువ్వు, "మంగళవారం పెరటాసి మొదలు. ఈయన శనివారాలు ఒంటిపూట ఉంటానంటారేమో, ఎట్లా ఆపాలో" అని రాశావు. అది చదివినప్పటి నుంచి నాకు కుదురు లేదు. మీ వెంకన్న నెల వచ్చేలోపల చెప్పకపోతే ఇంక ఎప్పటికీ చెప్పలేను.

ఆ పొడిలో చేప ఉంది. పొగబెట్టి ఎండబెట్టిన సూర చేప. డబ్బా మీద చేప బొమ్మ కూడా ఉంటుంది. తెలియక పంపలేదు. తెలిసే, లేబుల్ చింపేసి, మందుల కవరులో పోసి పంపాను.

అన్నీ సున్నాలు వస్తున్నాయి. ఆయన తగ్గిపోతున్నారు. పెద్దాయన ఇదొక్కటే జబ్బు నోటికి తెలుస్తుందని చెప్పాడు. చెబితే నువ్వు ఇవ్వవు. అన్నకు తెలియకుండా జరిగితే ఆ తప్పు ఆయనది కాదు, నాది అవుతుంది, దేవుడి దగ్గర నేను చెప్పుకుంటానులే అనుకున్నాను. రాస్తుంటే నాకే అర్థమవుతోంది, అదంతా నా మనసుకు నేను చెప్పుకున్న సాకు.

ఆయనకు నువ్వే నెమ్మదిగా చెప్పు. తాగుతానంటే పంపుతాను. వద్దంటే ఇంకేదైనా వెతుకుతాను.

రూతు

*

చిత్తూరు,
20 సెప్టెంబరు 2024

రూతుకు,

నువ్వు ఫోను చేస్తున్నావు, నేను తీయడం లేదు. మాట్లాడితే అరుస్తాను, ఆయన వింటారు.

నీ ఉత్తరం వచ్చిన రోజే రాయవేలూరు హాస్టలు నుంచి ఫోను. ఐశ్వర్యకు డెంగ్యూ. ప్లేట్‌లెట్లు పద్దెనిమిది వేలు. బస్సులో పోతూ నీ ఉత్తరం చదివాను. ఒక చేతిలో నీ ఉత్తరం, ఒక చేతిలో హాస్టలు వాళ్లు ఫోనుకు పంపిన రక్తపరీక్ష.

ఇరవై రెండేళ్ల కిందట ఆ బిడ్డ ప్రాణానికి బదులుగా ఆయన ఇచ్చిన మాట అది. ఏడు వారాలు రోజుకు అయిదుసార్లు నా చేత్తో ఆ మాట తప్పించాను. నాకు తెలుసు, దోమ కుట్టడానికీ జావకూ సంబంధం లేదు. బోర్డు మీద నిలబడి నిరూపించగలను. కానీ ఆసుపత్రి వరండాలో ఆ రుజువు నాకు ఎందుకూ పనికిరాలేదు. ఇప్పుడు ఆయనకు చెప్పమంటావా? "మీ మొక్కు తప్పిపోయింది, మీ కూతురు ఆసుపత్రిలో ఉంది" అని ఒకే నోటితో చెప్పాలా? ఆ మనిషి ఆ రోజే చచ్చిపోతాడు.

మీ వాళ్లకు ఆదివారం ప్రార్థన చేసుకుంటే అన్నీ కడుక్కుపోతాయి. మాకు అట్లా కుదరదు. మొక్కు అంటే ఏమిటో తెలిసి ఉంటే నువ్వీ పని చేసి ఉండవు.

పొడి సింకులో పోసేశాను. ఇక పంపకు.

సుజన

*

సూళ్లూరుపేట,
24 సెప్టెంబరు 2024

సుజనా,

పాపకు ఎట్లా ఉందో ఒక్క ముక్క రాయి. మిగతా కోపం తర్వాత చూసుకుందాం.

"మీ వాళ్లు" అని రాశావు. ఆ మాట నీ చేతిరాతలో చూడడం నాకిదే మొదలు. హాస్టలు గదిలో మా అమ్మ సంతోషమ్మ పంపిన ఎండుచేపల పులుసు తలుపు గడియ పెట్టి నా పళ్లెంలోనే తిన్నావు. అప్పుడు నేను ఏ వాళ్లు? మొక్కు నాకు తెలియదన్నావు. మా తమ్ముడు జోయల్ కామెర్లతో పడుకున్నప్పుడు మా అమ్మ నలభై రోజులు ఒంటిపూట ఉపవాసం ఉండింది. వాడు దక్కలేదు. అయినా ఆమె ఆ నలభై రోజులూ నిండా ఉండే లేచింది. మాట ఇవ్వడమంటే ఏమిటో నేను మా ఇంట్లోనే చూశాను.

నేను చేసింది తప్పు. దానికి ఎన్ని తిట్లయినా పడతాను. కానీ సుజనా, నేను చెప్పకుండా పెట్టాను, నువ్వు చెప్పకుండా ఆపావు. రెండూ ఒకటే. మధ్యలో ఆ మనిషిని ఎవరమూ అడగలేదు. మొక్కింది ఆయన. ఆకలి ఆయనది. చావో బతుకో, అదీ ఆయనదే.

రెండు పొట్లాలు పంపుతున్నాను. ఈసారి లేబుల్ అట్లాగే ఉంది. కింద తెలుగులో "ఇందులో చేప ఉంది" అని పెద్ద అక్షరాలతో రాసి అంటించాను. ఆయన చేతికిచ్చి చదువుకోమను. నువ్వేమీ చెప్పనక్కరలేదు.

ఐశ్వర్య కోసం చర్చిలో ప్రార్థన పెట్టించాను. ఏదీ కడుక్కోవడానికి కాదు.

రూతు

*

చిత్తూరు,
1 అక్టోబరు 2024

రూతూ,

ఐశ్వర్య గండం గడిచింది. ప్లేట్‌లెట్లు లక్షా పదివేలకు పెరిగాయి. ఇంటికి తెచ్చుకున్నాం. నాయన పక్కనే పడుకుని ఉంది.

పొట్లాలు వచ్చాయి. వంటింటి పై అరలో పెట్టాను.

ఆయన తూకం నలభై అయిదు. రోజూ అడుగుతున్నారు. ఏదో ఒకటి చెప్పి దాటేస్తున్నాను. నీ పాత పెట్టెలోని పాచి, పుట్టగొడుగులు ఉడకబెట్టి, టమాటాలు వేసి, రుచినిచ్చే పదార్థం అన్నింట్లోనూ ఒకటే కదా అని లెక్కలు వేసుకుని ఒక చారు కాచాను. ఒక చెంచా తాగి షీటు అడిగారు. అంకె వేయలేదు. "ఇది కాదు" అని రాసి, నేను నొచ్చుకుంటానని కాబోలు, ఇంకో రెండు చెంచాలు తాగారు.

చెబుతాను. కానీ పెరటాసిలో ఆ మాట నా నోట రాదు. పదహారుతో నెల అయిపోతుంది. పదిహేడో తేదీ పొద్దున్నే చెబుతాను. ఇంక పదహారు రోజులు.

సుజన

*

సూళ్లూరుపేట,
4 అక్టోబరు 2024

సుజనా,

పదహారు రోజులు ఆయన దగ్గర ఉన్నాయని నీకెవరు చెప్పారు? ఈ ఉత్తరం అందిన పూటే అడుగు. నీకు చేతకాకపోతే నేను బస్సెక్కి వచ్చి అడుగుతాను. రమ్మను.

రూతు

*

చిత్తూరు,
3 నవంబరు 2024

రూతూ,

రమ్మని రాయలేదు. నువ్వొస్తే అడుగుతావని.

ఆయన అక్టోబరు పన్నెండున పోయారు. నెమ్ము చేరింది. రాయవేలూరులో మళ్లీ గొట్టం పెట్టారు, ఈసారి లాగేసుకునే బలం కూడా లేదు. నాలుగో పెరటాసి శనివారం. వచ్చినవాళ్లందరూ "పెరటాసి శనివారం పోయినాడు, పుణ్యాత్ముడు" అన్నారు. పొట్లాలు పై అరలోనే ఉన్నాయి. పదిహేడో తేదీ పొద్దున్నే నేను లేచి జావ కాచాను. ఎందుకు కాచానో తెలియదు. కాచాక గుర్తొచ్చింది.

నీకు చెప్పవద్దని ఐశ్వర్యకు చెప్పాను. నీ ఫోన్లన్నీ చూస్తూ ఉండిపోయాను. ఎందుకో ఇప్పుడు రాస్తాను. ఇందులో దేన్నీ నాకు అనుకూలంగా రాయకుండా ఉండాలని మూడు కాగితాలు చింపాను.

"ఏదో ఒకటి చెప్పి దాటేస్తున్నాను" అని నీకు రాశాను కదా. ఏం చెప్పానో రాయలేదు. ముందు రోజూ సరుకు రాలేదన్నాను. నీకు ఆ ఉత్తరం వేసిన మరునాటికి ఆయన నమ్మలేదు. "రూతమ్మను అడిగితివా?" అన్నారు. అప్పుడు నా నోట వచ్చిన మాట: "అడిగాను. రూతు పంపడం మానేసింది. మళ్లీ మళ్లీ అడగడం బాగుండదు." అంత సులభంగా వచ్చింది. ఆయన అటు తిరిగి పడుకున్నారు. ఆ తర్వాత నన్ను అడగలేదు. నా మీద కోపం వచ్చి ఉంటే బాగుండేది. నీ మీద కూడా రాలేదు. తనవల్ల ఏం తప్పు జరిగిందోనని ఆలోచించుకున్నారు.

ఎనిమిదో తేదీన ఒక చీటీ రాసి, పోస్టు చేయమని నా చేతికిచ్చారు. అది నేను హ్యాండుబ్యాగులో పెట్టుకుని కాలేజీకి పోయి, ఇంటికొచ్చి, మళ్లీ కాలేజీకి పోయాను. దారిలో పోస్టాఫీసు ముందే బస్సు ఆగుతుంది. "వేసితివా?" అని అడిగారు. వేశానన్నాను. ఆసుపత్రికి తీసుకుపోయేదాకా గేటు చప్పుడైతే తల తిప్పేవారు.

ఇంకొకటి కూడా నీకు తెలియాలి. అది చేపేమోనని నాకు జూలైలోనే అనుమానం వచ్చింది. మా ఇంట్లో పెళ్లయ్యేదాకా తిన్నదాన్ని, ఆ వాసన నాకు తెలియదా? ప్రతిదాన్నీ అనుమానించే నేను దాన్ని మాత్రం కట్టెల పొయ్యి అనుకున్నాను. అనుకోవాలనుకున్నాను. నాలుగు పడింది కాబట్టి. తప్పంతా నీదని రాసిన రోజు కూడా ఆ సంగతి నాకు తెలుసు.

కర్మ అయ్యాక ఐశ్వర్యకు అంతా చెప్పాను. అది అరవలేదు. "నా పేరు సెప్పి నాయన్ను పస్తు పెట్టినావా అమ్మా? నన్నన్నా ఒక మాట అడిగుండచ్చు గదా" అంది. మరుసటి రోజు హాస్టలుకు వెళ్లిపోయింది.

చారు ఇచ్చి ఉంటే బతికేవారా? కాదంటున్నారు డాక్టరు, జబ్బు అప్పటికే ముదిరిపోయిందంటున్నారు. అది నన్ను ఓదార్చడానికి అంటున్నారో, నిజమే అంటున్నారో నాకు తెలియదు. బతికేవారు కాదనే అనుకుందాం. అప్పుడు నేను ఆయన దగ్గర తీసుకున్నది ఏమిటి? చివరి పాతిక రోజుల ఆకలి, నీ మీద ఆయనకున్న నమ్మకం. రెండింటికీ బదులు నా దగ్గర ఏమీ లేదు.

చీటీ ఇందులో పెడుతున్నాను. అది నీది. క్షమించమని అడగడం లేదు. "మీ వాళ్లు" అన్న మాటకు కూడా.

సుజన

*

చిత్తూరు,
8-10-24

చెల్లెలు రూతమ్మకు బాలచంద్ర రాసేది.

చెయ్యి వణకతా ఉండాది, రాత చూసి నవ్వద్దు. నువ్వు పొడి పంపడం నిలిపేసినావని సుజన చెప్పినాది. నీకు ఏం కష్టమొచ్చిందో ఏమో. లేకపోతే మీ పెద్దాయన మీద నేనేసిన జోకు నీకు పని పోగొట్టిందేమోనని నాకు దిగులుగా ఉండాది. అట్లయితే ఆయనకు నేను తప్పయిందన్నానని చెప్పు.

ఒక్క పొట్లం చాలు. ముందర ఏ రుచీ తెలియనప్పుడు జావ మింగేది అలవాటైపోయినాది. నడమ రుచి తెలిసొచ్చినాక ఇప్పుడు మింగలేకుండా ఉండాను. కుదరకపోతే వద్దులేమ్మా. నేను రాసినట్టు సుజనకు తెలుసు, నువ్వు దాన్నేమీ అనద్దు. అది నాకోసం శానా పడతా ఉండాది.

*

సూళ్లూరుపేట,
10 నవంబరు 2024

బాలచంద్రన్నకు,

రూతు వందనాలు. మీ చీటీ నిన్న అందింది.

నాకు ఏ కష్టమూ రాలేదన్నా. పనీ పోలేదు. మీ జోకు చెబితే పెద్దాయన కొట్లో అందరికంటే గట్టిగా నవ్వాడు. ఇప్పటికీ వారం వారం మీరెట్లా ఉన్నారని అడుగుతాడు. ఈ శనివారం ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు.

నేను పంపడం మానలేదు. సెప్టెంబరు ఆఖర్లోనే రెండు పొట్లాలు మీ ఇంటికి చేరాయి.

సుజనను ఏమీ అనొద్దన్నారు. అనడానికి నా దగ్గర చాలా ఉంది. నిన్నటి నుంచి నాలుగు కాగితాల నిండా రాశాను. మీరు వద్దన్నారని పోస్టు చేయడం లేదు. ఆమెకు వేరే ఉత్తరం నేనిప్పుడు రాయలేను. ఎప్పటికి రాయగలనో కూడా చెప్పలేను. మీ పేరున రాసిన ఈ ఉత్తరం మాత్రం ఆమే చదవాలి. ఎప్పుడూ చదివినట్టే బయటికి, మీ మంచం వైపు తిరిగి. ఒక్క మాటా మింగకూడదు.

నేను మీ విషయంలో చేసింది ఇది: మీరు వద్దంటారని భయపడి అడగలేదు. ఆమె చేసింది ఇది: మీరు కుంగిపోతారని భయపడి అడగలేదు. ఇద్దరమూ మీ మీద ప్రేమతోనే చేశాం. ఎంత చదువుకున్నవాళ్లం! మామిడి గుజ్జు డబ్బా మీద కూడా లోపల ఏముందో రాయకుండా మీరు ఒక్క పెట్టె బయటికి పోనిచ్చేవారు కాదు.

జూలైలో అడగాల్సిన మాట. ఇప్పుడు అడుగుతున్నాను.

అన్నా, ఈ పొడిలో పొగబెట్టి ఎండబెట్టిన సూర చేప ఉండాది. ఉప్పు, చక్కెర, కొంచెం సోయా ఉండాది. మీకు ఐశ్వర్య పేరు మీద మొక్కు ఉండాది. అర చెంచా జావలో కలిపితే మీ నోటికి రుచి తెలుస్తాది.

కలపమంటారా, వద్దంటారా?

రూతు